ఆటలను నిర్మించు కొలువు

(ముఖేడ్‌లో పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



వార్షికోత్సవములలో విద్యామహత్తును గూర్చియో మాతృభాషాభిమానమును గూర్చియో మాటలాడుట ఆచారము. అంత పెద్ద విషయములకు నేను తగినవాడను కాను. కంప్యూటరు ఆటలను నిర్మించు ఒక చిన్న స్టూడియోలో ప్రోగ్రామరుగా పనిచేయువాడను. నాకు తెలిసినది ఆ పని యొక్కటియే. ఐనను నేడు దానిని గూర్చియే మాటలాడుటకు ఒక కారణము కలదు.

నిన్న సాయంకాలము ఒక తల్లి నన్ను చూడవచ్చినది. కూర్చుండుమన్నను కూర్చుండలేదు. "నాయనా, మావాడు పదో తరగతి. కంప్యూటరు ఆటలు చేసే కంపెనీలో కొలువు చేస్తానంటున్నాడు. అది నేర్పుతామని పట్నంలో ఒక సంస్థవాళ్లు మూడు లక్షలు కట్టమంటున్నారు. చెలక అమ్మి కట్టమంటావా, వద్దంటావా?" అని అడిగినది. నిలుచున్నపాటున చెప్పదగిన సమాధానము కాదది. "రేపు సభలో చెప్పుదును, తల్లీ" అంటిని. ఆమె ఈ సభలో ఉన్నది. ఆమె ప్రశ్నయే నా ప్రసంగమునకు విషయము.

మొదట ఒక సందేహమును తొలగింపవలయును. ఆట యనగానే మనలో అనేకులకు ఫోనులో పేకాడి అప్పులపాలైన యువకులు కన్నులకు కట్టుదురు. ఆ భయము నిర్హేతుకము కాదు. డబ్బు పందెముగా నొడ్డి ఆడు ఆన్‌లైన్ రమ్మీవంటి వానిని తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగు చట్టము, నైపుణ్యపుటాట యైనను అదృష్టపుటాట యైనను, డబ్బు ఒడ్డి ఆడు ఆన్‌లైన్ ఆటలను దేశమంతటను నిషేధించినది. అదే చట్టము పందెము లేని ఆటలను, ఆటల పోటీలను ప్రోత్సహింపవలెనని కూడ చెప్పుచున్నది. కావున జూదము వేఱు, ఆట వేఱు. ఆట ఆడుట వేఱు, ఆటను నిర్మించుట వేఱు. పగలంతయు సినిమా చూచువాడు సినిమా తీయువాడు కానట్లే, రాత్రియంతయు ఫోనులో ఆడువాడు ఆటను నిర్మించువాడు కాడు. మీ బిడ్డ ఈ రెంటిలో దేనిని కోరుచున్నాడో తెలిసికొనుట మీ మొదటి పని. దానిని తెలిసికొను ఉపాయము తరువాత చెప్పెదను.

ఇక స్వతంత్ర స్టూడియో యనగా నేమి? పెద్ద సంస్థలలో ఒక్క ఆటకు వందలకొలది మనుష్యులు పనిచేయుదురు. ఒకడు చెట్లు మాత్రమే గీయును. ఒకడు తలుపులు తెఱచుకొను తీరు మాత్రమే వ్రాయును. స్వతంత్ర స్టూడియో అట్టిది కాదు. ఐదుగురో పదిమందియో కూడి, తమ ఆటను తామే ఊహించి, తామే నిర్మించి, చాలవఱకు తామే అమ్ముకొందురు. మన రాష్ట్రమునందే పూనా నగరములో నాడింగ్ హెడ్స్ గేమ్స్ అను అట్టి బృందము 2017లో ఏర్పడినది. రాజీ అను బాలిక తన తమ్ముని వెదకుచు రాక్షసులతో పోరాడు కథను వారు ఆటగా మలచిరి. ఖర్చుల కొఱకు 2017లో ప్రజలనుండి ముందుగా విరాళములు సేకరింప యత్నించి, అనుకొన్న మొత్తమును అందుకొనలేకపోయిరి. ఐనను విడువక 2020 ఆగస్టులో ఆటను విడుదల చేసిరి. ఆ యేడు అమెరికాలోని ది గేమ్ అవార్డ్స్ వారు తొలి ప్రయత్నముల బహుమతికి ఎన్నిక చేసిన ఐదు ఆటలలో అది యొకటి. హైదరాబాదులో ఓగర్ హెడ్ స్టూడియో అను మఱియొక చిన్న బృందము 2017లో "అసుర" అను ఆటను వెలువరించినది. ఇట్టివి వేళ్లమీద లెక్కింపదగినన్ని కాక మఱికొన్నియు ఉన్నవి. ఐనను ఎక్కువ లేవు.

వీరికి ఆదాయమెట్లు వచ్చునో కూడ మీరు తెలిసికొనవలయును. స్టీము అను అంగడిలో ఆటను అమ్మకమునకు పెట్టుటకు ఒక్కొక్క ఆటకు 100 డాలర్లు కట్టవలయును. అమ్మకములపై సాధారణముగా నూటికి 30 వంతులు ఆ అంగడివారు తీసికొందురు. మిగిలినదానిలోనుండి రెండు మూడేండ్ల జీతములు, పన్నులు, అద్దెలు వెళ్లవలయును. ఆట అమ్ముడుపోకున్నచో స్టూడియో మూతపడును. స్టార్‌డ్యూ వ్యాలీ అను ఆటను ఎరిక్ బరోన్ అను అమెరికా యువకుడు ఒంటరిగా నాలుగున్నర ఏండ్లు నిర్మించెను. ఆ కాలములో ఒక నాటకశాలలో ప్రేక్షకులకు కుర్చీలు చూపు పని చేసికొనుచుండెను. 2016లో ఆట వెలువడి లక్షలకొలది అమ్ముడుపోయెను. అట్టి కథలు మనకు వినబడును. నాలుగేండ్లు శ్రమపడి నాలుగు వందల ప్రతులు కూడ అమ్మలేనివారి కథలు వినబడవు. రెండును నిజమే. మీ బిడ్డ ఈ దారిని కోరినచో రెండింటిని తెలిసియే కోరవలయును.

స్టూడియోలో ప్రోగ్రామరు ఏమి చేయును? ఇది పెద్దలకు తెలియుట అవసరము. తెలియని పనికి బిడ్డను పంపుటయు, తెలియని పనిని బిడ్డకు వలదనుటయు రెండును తగవు.

మీ అందఱకును పులి-మేక ఆట తెలియును. మన మరాఠీ సోదరులు దానిని వాఘ్-బకరీ యందురు. అరుగుమీద సున్నముతో గీసికొని, చింతగింజలు మేకలుగా, రాళ్లు పులులుగా ఆడినవారు ఈ సభలో చాలమంది ఉందురు. ఇరువదిమూడు స్థానములు, మూడు పులులు, పదునైదు మేకలు. ఈ ఆటను కంప్యూటరునకు నేర్పుట యెట్లు? దానికి కన్నులు లేవు, అరుగు లేదు. ఏ స్థానమునుండి ఏ యే స్థానములకు గీత ఉన్నదో ఒక పట్టికగా వ్రాసి ఈయవలయును. ఇప్పుడు ఏ స్థానములో ఎవరున్నారో మఱియొక పట్టిక. మేకలన్నియు పెట్టువఱకు ఏ మేకయు కదలరాదు. పులి పక్కస్థానమునకు జరుగవచ్చును. లేదా పక్కనున్న మేకమీదుగా అవతలి ఖాళీ స్థానమునకు దూకి దానిని చంపవచ్చును. కాని గీత తిన్నగా ఉన్నచో మాత్రమే దూకవలయును. మూడు పులులకును కదలుటకు చోటు లేకున్నచో మేకల గెలుపు. ఇన్నింటిని ఒక్కటియు విడువక వ్రాయవలయును. పసిపిల్లవాడు సైతము "అట్లు దూకరాదు, తొండి" అనగలడు. కంప్యూటరు అనజాలదు. దానికి తొండి యేదో మనము చెప్పినచోనే తెలియును. ఇట్లు చెప్పుటకే ప్రోగ్రాము వ్రాయుట యని పేరు.

సాలెవృత్తిలోని కుటుంబములవారికి ఇది మఱింత సులభముగా బోధపడును. 1804లో ఫ్రాన్సుదేశస్థుడైన జాకార్డు, చిల్లులు పొడిచిన అట్టల ననుసరించి నూలుపోగులను ఎత్తు మగ్గమును రూపొందించెను. ఆ అట్టలలో ఒక్క చిల్లు తప్పినను చీరయంచున పువ్వు చెడును. ప్రోగ్రామరు పనియు అట్టిదే. అట్టకు బదులు అక్షరములు, పువ్వునకు బదులు ఆట.

ఇక నా కథ కొంచెము చెప్పుకొందును. గొప్ప కొఱకు కాదు. నేను పడిన పొరపాటు మీ బిడ్డ పడకుండుటకు.

చదువు ముగించిన పిమ్మట నేను ఒక చిన్న స్టూడియోకు దరఖాస్తు పంపితిని. మార్కుల పట్టికలు జతచేసితిని. నేను ప్రారంభించిన ఆటలు ఐదు ఉన్నవని వ్రాసితిని. అందులో ఒకదానికి నలువది ఊర్లు, మఱొకదానికి యుద్ధభూమి, ఏనుగులు, కోటలు. ఒక్కటియు పూర్తి కాలేదు. జవాబు రాలేదు. ఆఱు మాసములు నిరీక్షించితిని. ఎవరినో నిందించుటకు కారణములు వెదకితిని: నాది పల్లెటూరి చదువు, నా ఇంగ్లీషు తడబడును, నాకు తెలిసిన పెద్దలు లేరు అని. కాని నిజమైన కారణము వేఱు. నేను చూపినవన్నియు ఆరంభములు. ఆరంభించువారు ఊరూరను ఉందురు.

ఆ దుఃఖములో ఒకనాడు ఇంటికి వచ్చి, మా అమ్మమ్మతో అరుగుమీద పులి-మేక ఆడితిని. ఈ ఆటనే ఏల నిర్మింపరాదు అనిపించినది. రెండు మాసములలో పూర్తిచేసితిని. బొమ్మలు అందముగా లేవు. కాని ఆట మొదలగును, నడచును, ముగియును. తప్పుడు ఎత్తు వేయనీయదు. వేసిన ఎత్తును వెనుకకు తీసికొనవచ్చును. ఫోను మూసి తెఱచినను విడిచినచోటనే నిలుచును. దానిని ఉచితముగా ఇంటర్నెట్టులో పెట్టితిని. దానిని వ్రాసిన కోడును కూడ అందఱును చదువునట్లు పెట్టితిని. ఆ లంకెను పంపి, మార్కుల ప్రస్తావన లేకుండ నాలుగు పంక్తుల ఉత్తరమును మఱియొక స్టూడియోకు వ్రాసితిని. పది దినములలో పిలుపు వచ్చినది.

ఆనాటి పరీక్షను నేను మఱువలేను. వారు ఇద్దఱు. నా ఆటను ముందే ఆడియుండిరి. మొదటి ప్రశ్న: "మీ ఊరిలో ఎన్ని మేకలు చచ్చినచో పులి గెలుచును?" "ఐదు" అంటిని. "మా ఊరిలో ఆఱు. మా యెదుటనే మార్చి చూపుము" అనిరి. ఒక్క అంకె గదా యనుకొంటిని. ఐదును ఆఱుగా మార్చితిని. ఆట నడచినది, కాని తెరమీద "ఇంకొక మేక చాలును" అను హెచ్చరిక పాతలెక్కనే చూపుచుండెను. పులి పక్షమున ఆడు కంప్యూటరు కూడ ఐదునకే గెలిచితినని భ్రమపడి ఆగిపోయెను. ఏలయన, ఆ ఐదు అను అంకెను నేను మూడు చోట్ల వేర్వేఱుగా వ్రాసియుంటిని. నాకు చెమటలు పట్టినవి. తప్పు ఒప్పుకొని, ఆ అంకెకు ఒక పేరు పెట్టి ఒక్కచోట ఉంచి, మిగిలినచోట్ల ఆ పేరునే వాడి, ఇరువది నిమిషములలో సరిచేసితిని. ఊరూరను నియమములు మాఱు ఆటను వ్రాయువాడు మాఱుదానిని ఒక్కచోట ఉంచవలెనను పాఠము నేను ఆనాడు నేర్చితిని.

రెండవ ప్రశ్న గోలీలను గూర్చి. "రెండు గోలీలు తాకినవని కంప్యూటరునకు ఎట్లు తెలియును?" అనిరి. పదవ తరగతి లెక్కయే. రెండు కేంద్రముల మధ్య దూరమును పైథాగరసు సిద్ధాంతముతో కట్టవలయును. ఆ దూరము రెండు వ్యాసార్ధముల మొత్తమును మించకున్నచో తాకినట్లు. "మంచిది. ఐనను మిక్కిలి వేగముగా విసరిన గోలీ, ఎదుటిదానిని తాకకయే దాటిపోవుచున్నది. ఏల?" అనిరి. నేను ముందెన్నడును దానిని వినలేదు. కాగితము అడిగి బొమ్మ గీసితిని. ఆట తెరమీద సెకండునకు 60 పర్యాయములు క్రొత్తగా గీయబడుచుండును. ఒక గీతకును మఱొక గీతకును నడుమ గోలీ ఎంతో దూరము పోయినచో, ఇటువైపున ఒకమాఱు, అటువైపున ఒకమాఱు మాత్రమే కనబడును. నడుమ తాకిన క్షణము లెక్కకే రాదు. ఇది గ్రహించుటకు నాకు పావుగంట పట్టినది. వారు ఓపికతో కూర్చుండిరి. "సమాధానము తెలియకపోవుట మాకు ముఖ్యము కాదు. తెలియనపుడు ఏమి చేయుదువో చూచితిమి" అని ఆ పెద్దాయన తరువాత చెప్పెను. నాకు ఉద్యోగమిచ్చిరి.

తల్లిదండ్రులారా, ఈ కథలో మీరు గ్రహింపవలసినది ఒక్కటియే. చిన్న స్టూడియోవారు చూచునది బిడ్డ పూర్తిచేసిన పని, బిరుదులు కావు. దీనికి కారణము వారి ఔదార్యము కాదు, అవసరము. ఎనిమిదిమంది ఉన్నచోట క్రొత్తవానికి పక్కన కూర్చుండి నేర్పుటకు తీఱికగలవాడు లేడు. ఒక్కడు పని విడిచినచో ఎనిమిదవ వంతు ఆగును. ఆరంభించినదానిని ముగించునా, తప్పు దిద్దుకొనునా, ఇతరులు చదువదగినట్లు వ్రాయునా — ఈ మూడింటిని మార్కులపట్టిక చెప్పజాలదు; పూర్తియైన చిన్న ఆట చెప్పును. పల్లెటూరి బిడ్డకు ఇది పెద్ద వరము. పూనా బిడ్డకును ముఖేడ్ బిడ్డకును ఈ ద్వారము ఒకే యెత్తున ఉన్నది.

మఱి ఏమి నేర్వవలయును? సాధనములు మూడు ప్రసిద్ధములు. యూనిటీ అనునది సీ-షార్ప్ భాషతోను, అన్‌రియల్ అనునది సీ-ప్లస్-ప్లస్ భాషతోను నడచును. గొడో అనునది అర్జెంటీనాలో ఇద్దఱు మిత్రులు ప్రారంభించి, 2014లో ప్రపంచమునకు ఉచితముగా విడిచినది. దానికి రుసుము లేదు. పాత కంప్యూటరుమీదను నడచును. మన బిడ్డలు దానితో ప్రారంభించుట మేలు. ఐతే సాధనమును నమ్ముకొనరాదు, విద్యను నమ్ముకొనవలయును. 2023 సెప్టెంబరులో యూనిటీవారు ఆట యొక్కొక్క ఫోనులో చేరినప్పుడెల్ల రుసుము వేయుదుమని ప్రకటింపగా లోకమంతటను చిన్న స్టూడియోలు తల్లడిల్లినవి. 2024 సెప్టెంబరులో ఆ నిర్ణయమును వారు రద్దుచేసిరి. ఆ యేడాదిలో సాధనమును మార్చుకొనగలిగినవారు మూలసూత్రములు తెలిసినవారే. పట్టికలు, దూరములు, కోణములు, దిశలు, తర్కము ఏ సాధనమునందైనను ఒక్కటియే. కావున ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల గణితమును శ్రద్ధగా నేర్వనిండు. గిట్ అను పద్ధతిని కూడ నేర్వవలయును. ఏనాడు ఏ మార్పు చేసినది అందులో దాచుకొనవచ్చును, పదిమంది కలసి ఒకే కోడుమీద తగవు లేకుండ పనిచేయవచ్చును. ఇంగ్లీషు చదివి గ్రహించు శక్తి తప్పనిసరి, ఏలయన సాధనముల వివరణలు చాలవఱకు ఆ భాషలోనే ఉన్నవి. అలవోకగా మాటలాడుట తరువాతి మాట.

అభ్యాసమునకు మంచి మార్గము ఒకటి కలదు. రెండు మూడు దినములలో ఒక చిన్న ఆటను పూర్తిచేయు పోటీలు జరుగుచుండును. లూడమ్ డేర్ అనునది 2002 నుండియు, గ్లోబల్ గేమ్ జామ్ అనునది 2009 నుండియు నడచుచున్నవి. బహుమతి ముఖ్యము కాదు. గడువులోపల ముగించుట అలవడును; ఇతర ఊర్ల యువకులతో పరిచయమగును. చిన్న స్టూడియోల ఉద్యోగములు అనేకము పత్రికలలో ప్రకటింపబడవు. పని చూచినవారే పిలుతురు. భారతీయ ఆటల నిర్మాతల వార్షిక సమావేశము 2022, 2023, 2024 సంవత్సరములలో హైదరాబాదులోను, 2025లో చెన్నైలోను జరిగినది. నాందేడులో రాత్రి రైలెక్కి పోదగిన దూరములో జరిగినపుడు పెద్దపిల్లలను ఒకమాఱు పంపుడు. అక్కడ తమ ఆటను పదిమంది చేత ఆడించి, వారి ముఖములు చూచుట ఒక సంవత్సరపు పాఠము.

ఇచ్చట మన భాషను గూర్చి ఒక మాట చెప్పకుండ ఉండలేను. తెలుగుబడిలో చదివిన బిడ్డకు ఈ విద్యలో ఏమి లాభమని కొందఱు అడుగుదురు. చాలకాలము ఆటల సాధనములు తెలుగు అక్షరములను సరిగా చూపలేదు. ఇంగ్లీషులో అక్షరము పక్కన అక్షరము పేర్చినచో చాలును. మనకు అట్లు కాదు. "స్త్రీ" అనుటకు సకారము క్రింద తకారపు ఒత్తు, పక్కన రకారపు ఒత్తు, పైన గుడిదీర్ఘము కుదురవలయును. ఆ లెక్క తెలియని సాధనము వానిని విడగొట్టి, పొల్లులతో చెల్లాచెదరుగా చూపును. గొడోలో ఈ లోపము 2023 మార్చిలో వెలువడిన నాలుగవ కూర్పుతో తీఱినది. కొన్ని సాధనములలో నేటికిని చిక్కులున్నవి. మా స్టూడియోలో ఒక ఆటను తెలుగు, మరాఠీ, హిందీలలో వెలువరింపదలచినపుడు, తెరమీద ఒత్తులు విఱిగినవని చూడగానే కనిపెట్టినవాడను నేనొక్కడనే. తక్కినవారికి అవి అందమైన గీతలు మాత్రమే. దానిని సరిచేయు పని నాకే ఒప్పగింపబడెను. ఇంట తెలుగు, వీథిలో మరాఠీ, సంతలో హిందీ, పుస్తకములో ఇంగ్లీషు — ఈ నాలుగింటితో పెరుగు మన సరిహద్దు బిడ్డలు తమకు కొఱత యున్నదని తలంపనక్కఱలేదు. అక్షరములు సరిగా తెలిసియుండుట ఒక యోగ్యత. ఆ యోగ్యతను ఈ బడి ఇచ్చుచున్నది.

ఇక ప్రమాదములు. దాచి చెప్పుట ద్రోహము.

ఒకటి: ఈ పరిశ్రమ స్థిరమైనది కాదు. 2023, 2024 సంవత్సరములలో లోకమంతటను వేలకొలది ఆటల నిర్మాతలు ఉద్యోగములు కోల్పోయిరి. 2024 జనవరిలో మైక్రోసాఫ్టు ఒక్కటియే తన ఆటల విభాగములో 1,900 మందిని, యూనిటీ సంస్థ సుమారు 1,800 మందిని తొలగింప నిశ్చయించినవి. పెద్దవారికే అట్లున్నపుడు చిన్నవారి సంగతి చెప్పనేల? కనుక పట్టభద్రతను విడువరాదు. నాందేడులోనే 1981లో స్థాపింపబడిన శ్రీ గురుగోవింద్‌సింగ్‌జీ ఇంజనీరింగు కళాశాల యున్నది. ఇంజనీరింగో, గణితములో పట్టమో, కంప్యూటరు విద్యయో చదువుచు, ఆటలను పక్కన నేర్వవలయును. ఆటలు వ్రాయనేర్చినవాడు బ్యాంకులకును ఆసుపత్రులకును ప్రోగ్రాములు వ్రాయగలడు. స్టూడియో మూతపడినను చేతిలో విద్య మూతపడదు.

రెండు: ఉత్సాహమును దోచుకొనువారు ఉందురు. "నేర్చుకొనుచున్నావు గదా" అని మాసములకొలది జీతము లేక పనిచేయించువారును, "ఆట అమ్మినపిదప వాటా" అని నోటిమాట ఇచ్చువారును, రాత్రులు ఇంటికి పంపనివారును లేకపోలేదు. జీతమెంత, గంటలెన్ని, వాటా ఉన్నచో ఎంత, ఆటలో పేరు వేయుదురా, లేదా — ఇవి కాగితముమీద ఉండవలయును. అడుగుట అవినయము కాదు. బిడ్డ అడుగుటకు సిగ్గుపడినచో మీరు అడుగుమనుడు.

మూడు: పెద్ద రుసుములు. మంచి విద్యాలయములు లేకపోలేదు. జాతీయ డిజైను సంస్థవారి బెంగుళూరు విద్యాపీఠములో ఆటల రూపకల్పనకు ఉన్నతవిద్య కలదు. 2025లో ముంబయిలో కేంద్రప్రభుత్వ సహాయముతో సృజనాత్మక సాంకేతిక విద్యల సంస్థయు ప్రారంభమైనది. కాని "తప్పక ఉద్యోగమిప్పింతుము" అని లక్షలు అడుగువారివద్దకు పోవుటకు ముందు రెండు ప్రశ్నలు వేయుడు. గతసంవత్సరపు విద్యార్థులు పూర్తిచేసిన ఆటలు ఏవి, మేము ఇప్పుడే ఆడి చూడవచ్చునా? ఆ విద్యార్థులు ఇప్పుడు ఎచ్చట పనిచేయుచున్నారు, వారితో మాటలాడవచ్చునా? ఈ రెంటికిని తిన్నని జవాబు లేనిచోట ఒక్క రూపాయియు కట్టరాదు.

అమ్మా, నీ ప్రశ్నకు వచ్చితిని. చెలక అమ్మవలదు. ఇప్పుడు కాదు. నీ కొడుకునకు పాతదైనను సరే, ఒక కంప్యూటరు చూడుము. కొనలేకున్నచో బడిలోని కంప్యూటరును సాయంకాలము గంటసేపు వాడుకొననిమ్మని పంతులుగారిని అడుగుము. ఒక్క సంవత్సరము గడువు ఇమ్ము. పులి-మేకయో, అష్టాచెమ్మాయో, వామనగుంటలో, నీకు తెలిసిన ఒక చిన్న ఆటను ఎన్నుకొమ్మనుము. చదువునకు భంగము లేకుండ దానిని మొదటినుండి తుదివఱకు పూర్తిచేయుమనుము. పూర్తియైననాడు నీవే దానిని ఆడుము. ఎచ్చట తొండి జరిగినను నీకే ముందు తెలియును, నిర్దాక్షిణ్యముగా చెప్పుము. అతడు కోపగించుకొని మూసివేసినచో, అతనికి ఆట ఆడుట ఇష్టము, అంతియే. తిరిగి కూర్చుండి సరిచేసినచో, అతనికి ఈ పని ఇష్టము. ఇదియే నేను ముందు చెప్పెదనన్న ఉపాయము. దీనికి మూడు లక్షలు అక్కఱలేదు. సంవత్సరము గడచినపిదప చెలకను గూర్చి ఆలోచింపవచ్చును; బహుశః అప్పుడును అమ్మవలసిన అవసరము రాదు.

ఆడపిల్లల తల్లులకును ఇదే మాట. మన ఇండ్లలో అష్టాచెమ్మా నియమములు, వామనగుంటల లెక్కలు తరతరములుగా కాపాడినవారు స్త్రీలే. కంప్యూటరు వచ్చినంతనే అది మగపిల్లవాని గదిలోనికి పోవుట న్యాయము కాదు. గంటసేపు కొడుకునకు ఇచ్చినచో గంటసేపు కూతునకును ఇండు.

పంతులుగారలకు ఒక విన్నపము. పై సంవత్సరము ఈ ఉత్సవమునాడు నాటకములు, పాటలతోపాటు, మన పిల్లలు పూర్తిచేసిన ఒక్క చిన్న ఆటను ఒక మూల బల్లమీద పెట్టుడు. అది ఎంత సామాన్యమైనను ఫరవాలేదు, పూర్తియై ఉండవలయును. దానిలోని తెలుగు ఒత్తులు విఱుగకుండ ఉండవలయును. నేను వచ్చి మొదట ఆడెదను. ఓడిపోయినచో సంతోషింతును.